కళ్ళజోళ్ళ కొట్లో వసపిట్ట

...అలాగని నేల నిజంగా లేచిందని కాదు. పొద్దున్నే లేచి నా మోకాళ్ళ దాకా రావడానికి నేలకేం పని? లేచింది నా కళ్ళద్దాల్లో. కింది సగంలోంచి చూస్తే రోడ్డు ఉబ్బుతోంది, పై సగంలోంచి చూస్తే దిగిపోతోంది, మధ్యలోంచి చూస్తే బుద్ధిగానే ఉంది. కాని ఆ మధ్య అనేది ఎక్కడుందో నా మెడకి ఇంకా తెలియలేదు. అందుకని కోడిలా తలాడించుకుంటూ నడుస్తున్నాను. ఎదురొచ్చిన పాలతను తనూ తల ఊపాడు, పలకరించాననుకున్నాడు పాపం. వాడి వెనక వస్తున్న పెద్దాయన ఊపాడు. కిటికీలో జుట్టు దువ్వుకుంటున్న ఎవరో ఆవిడ దువ్వెన ఊపింది. వీధి చివరికొచ్చేసరికి ఊరంతా నాకు చుట్టాలే.

ప్రోగ్రెసివ్ అంటారు ఈ అద్దాల్ని. దూరం, దగ్గర, ఆ రెంటికీ నడుమ ఉన్నది, అన్నీ ఒకే అద్దంలో, మధ్యలో గీత లేకుండా. చత్వారం వచ్చినవాళ్ళకి. నేను పని చేసేది కళ్ళజోళ్ళ కొట్లోనే కాబట్టి నాకు వచ్చిన చత్వారాన్ని ఎక్కువ కాలం దాచలేకపోయాను. అలవాటయ్యే దాకా కాస్త తల తిరుగుతుందని మా ఓనరుగారు కస్టమర్లందరికీ చెబుతారు. ఇంత హాయిగా తిరుగుతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అయినా ఇదంతా అద్దాల వల్లేనా అని నాకు అనుమానం. ఇవాళ కొట్టు మూసేలోపు ముందు కుర్చీ ఎవరిదో తేలిపోతుంది. అవతలి పేటలో ఓనరుగారు ఇంకో కొట్టు తెరుస్తున్నారు, రేపట్నుంచి అక్కడే ఉంటారు. ఇక్కడ తలుపుకి ఎదురుగా ఉన్న ఎత్తు కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి. నాకది కావాలి. ఎంత కావాలంటే, దాని మీది దుమ్ము అవసరమైన దానికంటే చాలాసేపు తుడుస్తాను.

నిన్న ఆయనే అన్నారు, "నువ్వే అయితే బాగుండేదమ్మా. సరుకంతా నీ చేతి మీదుగానే నడుస్తుంది. ఏం చేస్తాం, నోట్లో నాలుక లేనిదానివి. అక్కడ కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడాలి. నిన్నెందుకు ఇబ్బంది పెట్టడం!"

నేనేమన్నాను? ఇబ్బంది పెట్టనందుకు కృతజ్ఞతగా ఓ చిరునవ్వు నవ్వాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు వదిన చేతిలో గిన్నె అక్కడే పడేసి మరీ నవ్వింది.

"నువ్వా? నోట్లో నాలుక లేనిదానివా? నీకు మాటలు పోసేటప్పుడు దేవుడు కొలత మర్చిపోయాడే! ఆ పెద్దమనిషిని ఓ ఆదివారం మనింటికి రమ్మను. సాయంత్రానికి చెవుల్లో దూది కుక్కుకుని పోతాడు."

"అక్కడ నేను వేరే వదినా."

"ఏం వేరే? గుమ్మంలో చెప్పులతో పాటు నోరు కూడా వదిలి వెళ్తున్నావా?"

ఇంట్లో నా పేరు వసపిట్ట. అన్నయ్య పెట్టాడు. కొట్లో నా పేరు మూగనోము. అది ఎవరు పెట్టారో తెలియదు, పెట్టినవాళ్ళు నా ముందు అనరు కాబట్టి. రెండూ నేనే. ఇందులో మోసం లేదు, గొంతు నొప్పి ఉంది. నేను పనిలో చేరిన వారమే జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఓనరుగారు సరుకు చూపిస్తున్నారు, నేను తలూపుతున్నాను. పని చెబుతున్నారు, తలూపుతున్నాను. "ఎంత నెమ్మదస్తురాలో చూడండి, ఈ రోజుల్లో ఇలాంటి మనిషి దొరకడం!" అని ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను. నా గురించి అంత మంచి మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గొంతు వచ్చేసరికి, నెమ్మదస్తురాలు కూర్చునే చోటు ఒకటి నా కోసం సిద్ధమైపోయింది, బస్సులో ఎవరో అప్పుడే లేచిన సీటులా వెచ్చగా. రేపు మాట్లాడదాంలే అనుకున్నాను. మాట్లాడితే, "అరె, ఈమె మాట్లాడుతుందే!" అంటారు. ఆ "అరె" తలుచుకుంటేనే చెవులు ఎర్రబడేవి. ఎల్లుండి మాట్లాడదాంలే అనుకున్నాను. ఎల్లుండికి ఆ "అరె" ఇంకాస్త పెద్దదయింది. ఏళ్ళు గడిచేకొద్దీ అది కొట్టంత అయి కూర్చుంది.

మనిషి స్వభావం చిత్రం. మనం కుంటుతామని నమ్మినవాళ్ళ ముందు మామూలుగా నడిస్తే, ఏదో వాళ్ళని అబద్ధాలకోరుల్ని చేసినట్టు సిగ్గేస్తుంది. వాళ్ళ మాట నిలబెట్టడానికి కాస్త కుంటుతాం. నేను దీన్ని సంస్కారం అనుకున్నాను. వదిన పిరికితనం అంటుంది. ఆమె మనసుల గురించి పుస్తకాలు చదవదు, అందుకే చిన్న చిన్న మాటలతో పని కానిచ్చేస్తుంది.

కొట్టు మెట్లు ఎక్కాను. ఉన్నవి మూడే అయినా ఆరు ఎక్కినట్టు అనిపించింది. లోపల ముందు కుర్చీలో అప్పటికే ఒకాయన ఉన్నారు.

ఓనరుగారి తోడల్లుడు. నిటారైన మనిషి, చెవుల పక్కన పద్ధతిగా నెరిసిన జుట్టు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఇంతకుముందు ఏం చేసేవారో నాకు సరిగ్గా తెలియదు. ఏం చేసినా మేనేజరులాగే చేసి ఉంటారు. ఆయన ఊరికే కూర్చుంటేనే ఎవరో ఒకరు వచ్చి సంతకం పెట్టమని అడిగేలా ఉంటారు.

"అన్నయ్యా, ఇది కిర్రుమంటోంది," అన్నారు కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ.

"నువ్వు ఊగకపోతే అనదు తమ్ముడూ," అన్నారు ఓనరుగారు. "ముందు పని విను. మనం కస్టమర్ని ఏం కావాలని అడగం. అడిగితే వాళ్ళకే తెలియదన్న సంగతి బయటపడిపోతుంది. తలుపు దగ్గర్నుంచి కౌంటరు దాకా వచ్చేలోపు మనిషిని చదివెయ్యాలి. అర్థమైందా?"

"దానిదేముంది. మొహం చూస్తే తెలియదూ?"

ఇదీ మా కొట్టు పద్ధతి. ఫ్రేములు ట్రేల్లో ఉంటాయి, ట్రేలు వెనక గోడకున్న అరల్లో. ఒకటో ట్రే ఆఫీసర్లది, సన్నటి బంగారు అంచులు. రెండోది పంతులమ్మలది. మూడోది పెళ్ళి కుదిరినవాళ్ళది. నాలుగోది రిటైరైనవాళ్ళది. ఐదోది వస్తాదులది, తొక్కినా విరగని మందపాటి నల్ల ఫ్రేములు. ఆరోది సోకులమ్మలది, పిల్లికళ్ళలా కొసలు పైకి తిరిగి, గులాబి, చిలకపచ్చ, నేరేడు రంగుల్లో ఉంటాయి. మనిషి లోపలికి రాగానే ఓనరుగారు చదివేసి, "రెండు నిమిషాలు కూర్చోండమ్మా" అంటారు. అంటే రెండో ట్రే. వెనక నుంచి నేను తెచ్చి పెడతాను. కస్టమర్లు నిజంగానే రెండు నిమిషాలు అనుకుని గోడ గడియారం వంక చూస్తారు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఈ పద్ధతి పని చేస్తుంది. రెండో ట్రేలోది పెట్టుకున్న ఆవిడ అద్దంలో చూసుకోగానే నడుం నిటారు చేస్తుంది. ఒకటో ట్రేలోది పెట్టుకున్నాయన గొంతు సవరించుకుంటాడు. మనుషులు ట్రేకి సరిపోతారో, ట్రే పెట్టాక మనుషులు సర్దుకుంటారో వెనక నించుని ఇన్నాళ్ళు చూసినా నాకు తేలలేదు. నా ముక్కు మీదున్నది కూడా నాలుగో ట్రేలోదే. రిటైరవడానికి నాకింకా బోలెడు కాలం ఉంది. నన్నెవరూ చదవలేదు, నా చెయ్యే దానంతటది అటు పోయింది.

"ఏమ్మా, కళ్ళజోడా?" అన్నారు తోడల్లుడుగారు. "బాగుంది. పెద్దరికం వచ్చింది."

ఆయన మొహాన్ని అద్దాల మధ్యలోంచి చూద్దామని తల ఆడించాను. ఒప్పుకున్నాననుకుని ఆయన తృప్తిగా వెనక్కి వాలారు. కుర్చీ కిర్రుమంది.

అప్పుడు కొట్లో వెలుతురు తగ్గింది. దీపాలు పోయాయేమో అనుకున్నాను. తలుపులో మనిషి నించున్నాడు.

మనిషి అంటే మామూలు మనిషి కాదు. తలుపుకీ అతనికీ మధ్య గాలి దూరే సందు లేదు. మెడ ఎక్కడ ఆగిందో భుజం ఎక్కడ మొదలైందో చెప్పలేం. మీసం చూస్తే దానికి విడిగా ఇంకో టికెట్టు తీసుకుంటాడేమో అనిపించింది. లేస్తే ఎత్తుగా కనబడతానని కాబోలు, తోడల్లుడుగారు గబుక్కున లేచారు, కనబడకపోయేసరికి మళ్ళీ కూర్చున్నారు. ఓనరుగారికి చదవడానికి అరక్షణం పట్టలేదు.

"రండి సార్, ఐదు నిమిషాలు సార్, కూర్చోండి సార్."

ఉన్న ఒక్క స్టూలునీ అతను జాలిగా చూసి, నిలబడే ఉన్నాడు.

నేను అరల దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని చేసే పని ఇది. కాని ఇవాళ కళ్ళు తెరిచి చేశాను, అదే వచ్చిన చిక్కు. కింది సగంలోంచి చూసేసరికి అరలన్నీ ఓ మెట్టు పైకి లేచాయి. చెయ్యి పెట్టాను, లాగాను, తెచ్చాను, కౌంటరు మీద నీలం గుడ్డ పరిచి ట్రే దించాను.

గులాబి, చిలకపచ్చ, నేరేడు.

అతని మీసం ఓ పక్క నుంచి కదిలింది.

"పొరపాటు సార్!" ఓనరుగారి గొంతు సన్నబడిపోయింది. "కొత్త అద్దాలు, ఆమెకి తల తిరుగుతోంది. ఏమ్మా, తీసెయ్, తీసెయ్! మీరు ఏమీ అనుకోకండి సార్, మూగజీవి, పాపం."

ట్రే తీయబోయాను. అంతకంటే ముందు అతని చెయ్యి వచ్చింది. వడ్లగింజ ఏరినంత సున్నితంగా రెండు వేళ్ళతో చిలకపచ్చ ఫ్రేము తీశాడు. పెట్టుకున్నాడు. దున్నపోతు నుదుట చిలక వాలినట్టు అది ఆ మొహం నడుమ రెక్కలు చాపుకుని కూర్చుంది. అతను వంగి అద్దంలో చూసుకున్నాడు. మొహం కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, కనుబొమలు ఎగరేశాడు. ఆ తరవాత అంత పెద్ద ఒంట్లోంచి అంత చిన్న నవ్వు వచ్చింది. కిచకిచమని.

నాది ముక్కులోంచి మొదలైంది. ఆపుకుందామని పెదవులు బిగించాను, చెవుల్లోంచి వచ్చేలా ఉంది. వదిలేశాను. మా ఇంట్లో గోడలు మాత్రమే ఎరిగిన నవ్వు అది, పైకి లేస్తే దిగడానికి చాలా సేపు పడుతుంది. కౌంటరు పట్టుకుని నవ్వాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటే, అతను రెండు ముక్కలుగా కనబడ్డాడు, రెండు ముక్కలూ నవ్వుతున్నాయి, మళ్ళీ నవ్వాను.

"నవ్వండి మేడమ్, నవ్వండి!" అన్నాడు. "నన్ను చూసి ఒక్కళ్ళైనా నవ్వాలనే కదా ఇంత దూరం వచ్చింది!"

"ఎవరు నవ్వాలి?" అన్నాను.

నా గొంతే. బయటికే వచ్చింది. ఓనరుగారు తల తిప్పి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు.

"పిల్లలు," అన్నాడతను. "చిన్న బడిలో టీచర్ని. ఇంకా అక్షరాలు కూడా రాని క్లాసు. మొదటి రోజు నేను లోపలికి వెళ్ళగానే అందరూ ఒకేసారి ఏడ్చారు. ఒక పిల్లయితే బల్ల కిందికి పోయి అన్నం తినే దాకా రాలేదు. సోమవారానికి కూడా ఏడుపు ఆగకపోతే నన్ను గేటు దగ్గర నిలబెడతామంటున్నారు హెడ్మిస్ట్రెస్. గేటుకి బాగుంటానట!"

"మీసం తీసేసి చూశారా?"

"చూశాను మేడమ్. ఇంకా భయంగా ఉంది. మా ఆవిడే మళ్ళీ పెంచమంది."

"గొంతు తగ్గించి చూశారా? పాట పాడారా? కింద కూర్చున్నారా? నించుంటే వాళ్ళకి మీ మోకాళ్ళే కదా కనబడేది, మోకాళ్ళని చూసి ఎవరు నవ్వుతారు చెప్పండి? ఇది చిలకపచ్చ, బాగుంది గానీ కాస్త బిగువు, సాయంత్రానికి చెవుల వెనక కోస్తుంది, చెవులు నొప్పెడితే మొహం ముడుచుకుంటుంది, మళ్ళీ వాళ్ళు ఏడుస్తారు. ఉండండి, ఈ గులాబి ఫ్రేము కాళ్ళు వదులు చెయ్యొచ్చు..."

వసపిట్ట పంజరం వదిలింది. నా మాటలు నేనే వింటున్నాను, ఎంత బాగున్నాయో! అతను ఒక్కొక్కటే పెట్టుకుంటున్నాడు, నేను ఫ్రేము కాళ్ళు వంచుతున్నాను, సరిచేస్తున్నాను, వాగుతున్నాను. ఆ ఊపులో, ఇంత పెద్ద మనిషి పసివాళ్ళ కోసం పడే ఆరాటం చూసి గుండె కరిగి అనేశాను:

"మీరు చూడ్డానికే ఇలా సార్. లోపల మాత్రం వెన్న!"

అతను నేరేడు రంగు ఫ్రేముతో నా వైపు తిరిగాడు. నవ్వడం లేదు.

"ఎవరు చెప్పారు మేడమ్ వెన్నని?"

"అంటే... పిల్లలంటే అంత ప్రేమ..."

"ప్రేమ సంగతి నాకు తెలియదు. నాకు కోపం ఎక్కువే. కారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగేస్తాను, మా ఆవిడని అడగండి. ఇంతకుముందు సామాన్లు మోసే కంపెనీలో పెట్టుకున్నారు, నన్ను చూసి. ఎక్కడికెళ్ళినా ఎవడో ఒకడు బీరువా ఎత్తమనేవాడు. నాకేమో నడుం నొప్పి. ఇక్కడైతే గుండీలు పెట్టాలి, ముక్కులు తుడవాలి, చెప్పిందే మళ్ళీ చెప్పాలి. అది నాకు చేతనవును, అంతే. రాక్షసుడన్నా వెన్నన్నా నాకు ఒకటే చిరాకు."

చెంప మీద కొట్టినట్టు కాదు గానీ, ఎవరో చెవి పట్టుకుని మెల్లిగా తిప్పినట్టయింది. నిజమే. ఐదో ట్రేలోంచి అతన్ని తీసి, ఎంతో గొప్ప పని చేసినట్టు ఇంకో ట్రేలో పెట్టాను: పైకి గట్టి, లోపల మెత్తన. కొబ్బరికాయల ట్రే. దానికి నంబరు లేదు, అంతే తేడా. మనసులు చదవగలనని ఇన్నేళ్ళు వెనక నించుని మురిసిపోయినదాన్ని!

"మరి ఏడుస్తూనే ఉంటే?" అన్నాను నెమ్మదిగా.

"ఏడవనివ్వండి. వాళ్ళందరి అభిప్రాయం మారాక లోపలికి వస్తానంటే నేను రిటైరయ్యే దాకా గేటు దగ్గరే ఉండాలి. సోమవారం పొద్దున నేను క్లాసులో ఉంటాను, కళ్ళజోడుతో. తరవాత సంగతి తరవాత." అద్దంలో ఇంకోసారి చూసుకుని మళ్ళీ కిచకిచ నవ్వాడు. "ఇదే ఇచ్చెయ్యండి. నేరేడు."

అతను వెళ్ళాక వెలుతురు మళ్ళీ కొట్లోకి వచ్చింది. ఓనరుగారు చెమట తుడుచుకుని, నన్ను కొత్త సరుకులా తేరిపార చూశారు.

"అరె! నువ్వు మాట్లాడతావే!"

వచ్చేసింది. ఏళ్ళ తరబడి నేను తప్పించుకు తిరిగిన "అరె". ఎంతుందో తెలుసా? ఒక్క తుమ్ము అంత. వచ్చింది, పోయింది. నాకు మళ్ళీ నవ్వు పొంగింది.

"ఇలా ఉండేవాళ్ళని నమ్మకూడదన్నయ్యా," అన్నారు తోడల్లుడుగారు కుర్చీలోంచి. "నివురుగప్పిన నిప్పు. ఒక్కసారే బయటపడతారు."

"అదే, అదే! నిప్పు!" ఓనరుగారికి మాట దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది. "లోపల ఇంత అగ్గి పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా ఉన్నావమ్మా? ఏం కష్టం దిగమింగావో ఏమో!"

అగ్గి లేదు. కష్టం లేదు. గొంతు నొప్పి. చెప్పి ఏం లాభం? ఈ ట్రే కాదంటే ఇంకోటి తీస్తారు, ఆయన దగ్గర అరలకి కొదవలేదు. ఒక్కోదాన్నీ కాదంటూ కూర్చుంటే చీకటి పడుతుంది.

"అయినా ముందు కుర్చీ అంటే ఒక్కపూట నవ్వినట్టు కాదు కదా," అన్నారు ఓనరుగారు, ఈసారి కొంచెం బుజ్జగిస్తూ. "ఓర్పు కావాలి. నిప్పులాంటి మనిషివి, ఎవరి మీదైనా భగ్గుమంటే? తమ్ముడికే అప్పజెబుదామనుకుంటున్నా. చూడ్డానికీ నిండుగా ఉంటాడు. నీకు సమ్మతమే కదా?"

మౌనం అర్ధాంగీకారం అంటారు. నావి ఇన్నాళ్ళూ పూర్తి అంగీకారాలే. నా నోరు అలవాటు కొద్దీ చిరునవ్వులోకి జారబోతోంది. సరిగ్గా ఆ పెదవి చివర జారుడు నాకు తెలిసింది. అది నా నవ్వు కాదు. నా నవ్వు ఎలా ఉంటుందో ఇందాకే విన్నాను.

తలుపు చప్పుడైంది. ఒక ముసలావిడ లోపలికి వచ్చింది, చేతిలో ఒక కాలు విరిగిన కళ్ళజోడు, దారానికి కట్టి ఉంది. తోడల్లుడుగారు నిటారుగా సర్దుకున్నారు. ఆవిడ కౌంటరు దాకా రాకముందే ఆయన చదవడం అయిపోయింది.

"నాలుగు నిమిషాలు..." అన్నారు బావిలోంచి.

ఓనరుగారు మెచ్చుకోలుగా చూసి, ట్రే కోసం నా వైపు తిరిగారు. నేను అరల వైపు వెళ్ళలేదు. కౌంటరు చుట్టూ తిరిగి ముందుకొచ్చాను. నేల కాస్త లేచింది, కాస్త దిగింది, దాని సరదా దానిది. కుర్చీ దగ్గర ఆగాను. అద్దాల పై సగంలోంచి చూశానో కింది సగంలోంచి చూశానో గుర్తు లేదు గానీ, తోడల్లుడుగారు మాత్రం ఉన్నంతే కనబడ్డారు.

"అన్నయ్యగారూ," అన్నాను, "కాస్త లేవండి."